బయటికి దారిలేని స్టేషన్: ఉమి షిబౌరా

జపాన్ రాజధాని తోక్యోకు దక్షిణాన, యోకొహామా నగరంలోని త్సురుమి వార్డులో, సముద్రపు కాలువ అంచున కట్టిన ఉమి షిబౌరా రైల్వే స్టేషన్‌లో టికెట్టు ఉన్న ఎవరైనా దిగవచ్చు గాని, దిగిన ప్రతి ఒక్కరూ స్టేషన్ దాటి అవతలికి పోవడానికి మాత్రం వీలులేదు. స్టేషన్ నుంచి బయటికి పోయే దారి నేరుగా తోషిబా సంస్థ కెయిహిన్ కర్మాగారం గేటుకు చేరుతుంది. అక్కడి కాపలాదారుకు ఉద్యోగి గుర్తింపు కార్డునో, పనిమీద వచ్చినట్టు అనుమతినో చూపించగలిగినవారికే ఆపైన ప్రవేశం. స్టేషన్‌కు ఒకవైపు కర్మాగారపు ప్రాకారం, మరోవైపు ఉప్పునీరు ఉండగా, మిగిలినవారు వచ్చిన రైలులోనో తరువాతి రైలులోనో వెనుదిరగవలసిందే. అయినా ఈ స్టేషన్‌ను చూడడానికే జపాన్ నలుమూలల నుంచీ, విదేశాల నుంచీ మనుషులు వస్తారు. కాంతో ప్రాంతపు నూరు మేటి స్టేషన్ల జాబితాలో దీనికి చోటు దక్కింది. గేటు మూసి ఉన్న చోటికి ఇంతమంది ఎందుకు వస్తున్నారో, అసలు అటువంటి స్టేషన్ ఎలా ఏర్పడిందో తెలుసుకోవాలంటే, దాని కింద ఉన్న నేల కథనూ, దానిని తెచ్చి కలిపిన రైలు మార్గం కథనూ కలిపి చదవాలి.

త్సురుమి స్టేషన్ నుంచి ఇక్కడికి 4.7 కిలోమీటర్లు, సుమారు పది పన్నెండు నిమిషాల ప్రయాణం. మూడు పెట్టెల విద్యుత్ రైలు చివరికి వచ్చి ఆగే చోట ఉన్నది ఒకటే రైలుపట్టా, ఒకటే ప్లాట్‌ఫాం. ఆ ప్లాట్‌ఫాంకు ఒక అంచున రైలు, రెండో అంచున ఇనుప కటకటాలు, వాటికి ఆనుకొని కిందనే నీరు. మధ్యన బాట గాని, చెట్ల వరుస గాని, ఇసుక తిన్నె గాని లేదు. ప్లాట్‌ఫాం గోడే ఒడ్డు. రైలు తలుపులు తెరుచుకోగానే కంటికెదురుగా నిలిచేది కెయిహిన్ కాలువ. కాలువ అంటే పొలాలకు నీరు పారించే సన్నని పాయ కాదు. సముద్రాన్ని పూడ్చి తయారుచేసిన నేలల మధ్య ఓడలు తిరగడానికి వదిలిపెట్టిన వెడల్పాటి సముద్ర మార్గాన్నే అక్కడ కాలువ అంటారు. దానికి ఆవల గిడ్డంగులు, నిల్వ ట్యాంకులు, పొగగొట్టాలు, ఇంకా దూరాన 1994 డిసెంబరులో ప్రారంభమైన త్సురుమి త్సుబాసా వంతెన కనిపిస్తాయి. 1,020 మీటర్ల పొడవున్న ఆ వంతెన రెండు ఎత్తైన స్తంభాల మధ్య 510 మీటర్ల దూరాన్ని నీటిలో మరే ఆధారమూ లేకుండా దాటుతుంది. స్తంభాల నుంచి వాలుగా దిగే ఉక్కు తాళ్లు, ఆ రకం వంతెనల్లో సాధారణమైన రెండు వరుసలకు బదులు, నడిమధ్యన ఒకే వరుసలో ఉండడం వల్ల దూరం నుంచి చూసినప్పుడు అది ఎంతో పలుచగా, తేలికగా కనిపిస్తుంది.

ఈ దృశ్యంలో ప్రకృతి చేసినది నీరు ఒక్కటే. స్టేషన్ నిలిచిన నేలా, ఎదుటి గట్టూ, వాటి వెనక కర్మాగారాలు పరుచుకున్న భూమీ అంతా ఇరవయ్యో శతాబ్దంలో సముద్రం నుంచి రాబట్టినవి. ఆ పనికి పూనుకున్నవాడు అసానో సోయిచిరో. 1848లో నేటి తొయామా ప్రాంతంలో ఒక వైద్యుని ఇంట పుట్టిన అసానో, సొంత ఊళ్లో చేసిన వ్యాపారాలు దెబ్బతిని, అప్పులవాళ్లకు మొహం చూపలేక తోక్యో చేరి, మొదట వీధిలో పంచదార కలిపిన చల్లని నీళ్లు అమ్మాడు. తరువాత యోకొహామాలో బొగ్గు వ్యాపారం చేస్తున్నప్పుడు అతని దృష్టి గ్యాస్ కర్మాగారంలో పారవేస్తున్న కోక్ మీద పడింది. బొగ్గు నుంచి గ్యాసు తీసివేయగా మిగిలే ఆ పదార్థం ఎవరికీ అక్కరలేనిదై గుట్టలుగా పడి ఉండగా, దానిని సిమెంటు బట్టీలకు ఇంధనంగా వాడవచ్చునని తెలుసుకొని, చవకగా కొని ప్రభుత్వ సిమెంటు కర్మాగారానికి అమ్మాడు. 1880ల మొదట్లో నష్టాల్లో ఉన్న ఆ ఫుకగావా కర్మాగారాన్నే మొదట అద్దెకు తీసుకొని, ఆపైన కొనేసి, జపాన్ సిమెంటు పరిశ్రమకు పెద్దదిక్కు అయ్యాడు. పనికిరాదని పారవేసినదానిలో పనికివచ్చేది చూడగలగడం అతని జీవితమంతటా కనిపించే గుణం. తీరాన లోతు చాలని సముద్రంలో నేలను చూసినదీ ఆ కన్నే.

ఓడల వ్యాపారంలోకి దిగిన అసానో 1896లో అమెరికా, ఐరోపా దేశాలకు వెళ్లినప్పుడు, అక్కడి రేవుల్లో పెద్ద ఓడలు నేరుగా గట్టును ఆనుకొని నిలబడడమూ, సరుకు ఓడ నుంచి గిడ్డంగికీ, గిడ్డంగి నుంచి రైలుకూ చకచకా చేరిపోవడమూ గమనించాడు. ఆ కాలపు యోకొహామాలోనైతే సరుకులో చాలా భాగాన్ని దూరంగా లంగరు వేసిన ఓడల నుంచి పడవల్లోకి దించి ఒడ్డుకు చేర్చేవారు. పడవ కూలీ, ఆలస్యం, తుఫాను వస్తే నష్టం అన్నీ వ్యాపారి నెత్తిన పడేవి. త్సురుమి, కవాసాకి తీరాల్లో సముద్రాన్ని పూడ్చి, ఓడ గట్టూ కర్మాగారమూ రైలూ ఒకే చోట ఉండేలా ఒక పారిశ్రామిక భూభాగాన్ని తయారుచేయాలని అతడు తలపెట్టి 1908లో కనగావా ప్రాంత ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టినా, అంత పెద్ద పని ఒక్కడి తరమా అన్న అనుమానంతో అనుమతి వెంటనే రాలేదు. బ్యాంకు అధిపతి యసుదా జెంజిరో, పారిశ్రామిక వ్యవస్థాపకుడు షిబుసావా ఎయిచి అండగా నిలిచాక 1913లో పని మొదలైంది. సముద్రపు అడుగున ఉన్న ఇసుకను నీటితో కలిపి యంత్రంతో పీల్చి, లావుపాటి గొట్టాల ద్వారా గట్లు కట్టిన మడులలోకి వదిలి, నీరు పోగా ఇసుక నిలిచేలా చేయడం ఈ పూడిక పద్ధతి. ఇలా పీల్చడం వల్ల ఒక పక్క నేల పెరుగుతుండగా, రెండో పక్క ఓడలకు కావలసిన లోతూ ఏర్పడింది. 1928 నాటికి పూర్తయిన ఈ పనిలో సుమారు 500 హెక్టార్ల భూమి పుట్టుకొచ్చింది.

కొత్త నేల మీద ఉక్కు, సిమెంటు, చమురు, విద్యుత్ యంత్రాలు, ఎరువుల కర్మాగారాలు ఒకటొకటిగా వెలిశాయి. వాటికి ముడిసరుకు చేరవేయడానికి ఆ కర్మాగారాల అధిపతులే కలిసి 1924లో త్సురుమి రింకో రైల్వే అన్న కంపెనీని స్థాపించారు. రింకో అంటే రేవును ఆనుకొన్నదని. 1926 మార్చిలో గూడ్సు బండ్లు నడవడం మొదలుపెట్టగా, 1930 అక్టోబరులో విద్యుత్ రైళ్లతో ప్రయాణికుల రాకపోకలు ఆరంభమయ్యాయి. పశ్చిమాన కొండల్లోని సున్నపురాయి వేరే మార్గాల మీదుగా సముద్రపు ఒడ్డున ఉన్న అసానో సిమెంటు బట్టీల దాకా రైలు మీదే వచ్చేది. గని నుంచి బట్టీకి, బట్టీ నుంచి ఓడకు సాగే ఈ ఏర్పాటులో మనుషుల రైలు తరువాత వచ్చి చేరినదే గాని, మొదటి ఉద్దేశం కాదు. అందుకే ఈ మార్గంలోని స్టేషన్లు ఊళ్ల దగ్గర కాక, కర్మాగారాల గుమ్మాల దగ్గర ఉన్నాయి.

స్టేషన్ల పేర్లే ఇందుకు సాక్ష్యం. అసానో స్టేషన్ పేరు సోయిచిరోది. అంజెన్ అన్నది యసుదా జెంజిరో ఇంటిపేరు, పేరుల నుంచి ఒక్కొక్క అక్షరం తీసి కూర్చినది. ఆ యసుదా 1921లో ఒక జాతీయవాది చేతిలో హతుడయ్యాడు. ముసాషి షిరైషి అన్న పేరు అసానో అల్లుడూ, 1912లో నిప్పోన్ కోకన్ ఉక్కు సంస్థను స్థాపించినవాడూ అయిన షిరైషి మొతోజిరోది. ఓకావా అన్న పేరు కాగితపు పరిశ్రమలో రాజుగా పేరుపొందిన ఓకావా హెయిజాబురోది. మార్గం చివరనున్న ఓగిమాచి పేరు సైతం అసానో కుటుంబ చిహ్నమైన విసనకర్ర నుంచి వచ్చిందే. షిబౌరా మనిషి పేరు కాదు. త్సురుమిలో విద్యుత్ యంత్రాల కర్మాగారం పెట్టిన షిబౌరా సంస్థ పేరు. ఆ సంస్థ 1939లో తోక్యో విద్యుత్ సంస్థతో కలిసి తోక్యో షిబౌరాగా మారింది. దానికి జనం వాడుకలో పొట్టిగా స్థిరపడిన పేరే తోషిబా. అసానో స్టేషన్ దగ్గర విడిపోయి సముద్రం వైపు సాగే 1.7 కిలోమీటర్ల కొమ్మ మార్గం మీద 1932లో షిన్ షిబౌరా, అంటే కొత్త షిబౌరా, ఏర్పడగా, 1940 నవంబరు 1న దానిని నీటి అంచుదాకా పొడిగించి ఉమి షిబౌరా, అంటే సముద్రపు షిబౌరా, తెరిచారు. అది చైనాతో యుద్ధం సాగుతున్న కాలం. కర్మాగారాలు విస్తరిస్తూ, కార్మికుల సంఖ్య పెరుగుతున్న కాలం. కార్మికులను నేరుగా పని దగ్గరే దింపాలన్నది తప్ప ఈ స్టేషన్‌కు వేరే ప్రయోజనం ఎవరూ తలచలేదు. 1943 జూలైలో ప్రభుత్వం ఈ మార్గాన్ని తన అధీనంలోకి తీసుకుంది. 1987లో ప్రభుత్వ రైల్వేలను విభజించి ప్రైవేటు కంపెనీలకు అప్పగించినప్పుడు ఇది తూర్పు జపాన్ రైల్వే కంపెనీ కిందికి వచ్చింది. యజమానులు మారినా స్టేషన్‌కూ కర్మాగారానికీ ఉన్న ఆ పాత అతుకు మాత్రం అలాగే ఉండిపోయింది. స్టేషన్‌లోకి రానివ్వడం రైల్వే పని, స్టేషన్ దాటనివ్వడం కంపెనీ పని అన్న ఈ విచిత్రమైన పొత్తు అలా మిగిలినదే.

స్టేషన్ పలకల మీద పెట్టుబడిదారుల పేర్లు నిలిచాయి గాని, ఆ నేల మీద చెమటోడ్చిన వారి పేర్లు ఎక్కడా కనిపించవు. వారి జాడ కావాలంటే పలకలను వదిలి చుట్టుపక్కల వీధుల్లోకి వెళ్లాలి. దక్షిణాన ఉన్న ఒకినావా దీవుల్లో బతుకుతెరువు కరువై వచ్చిన కుటుంబాలు త్సురుమి నాకాదోరి ప్రాంతంలో స్థిరపడ్డాయి. అక్కడి దుకాణాల్లో నేటికీ ఒకినావా గోధుమ సేమియా, కాకర, పంది మాంసపు వంటకాలు దొరుకుతాయి. ఒకప్పుడు ఒకినావా నుంచి బ్రెజిల్, బొలీవియా వంటి దేశాలకు వలసపోయినవారి పిల్లలూ మనవలూ 1990 తరువాత పనికోసం జపాన్ తిరిగివచ్చి అదే పేటలో చేరడంతో, దక్షిణ అమెరికా వంటలూ భాషలూ ఆ వీధుల్లోకి వచ్చాయి. కవాసాకి వైపు తీరంలో కొరియా కార్మికుల పేటలు ఏర్పడ్డాయి. ఈ రైలు మార్గపు చరిత్రను అధిపతుల జీవిత చరిత్రలుగా మాత్రమే చెప్పడం పరిపాటి. ఆ కథనం సగమే.

ఉమి షిబౌరా దాకా వచ్చేవారు దారిలోని స్టేషన్లను కిటికీ నుంచి చూసి వదిలేయకుండా ఉంటే ఈ ప్రాంతం మరింత బాగా అర్థమవుతుంది. త్సురుమి స్టేషన్‌లో ఈ మార్గపు ప్లాట్‌ఫాంలు మేడ మీద, కమాను కప్పు కింద, పాతకాలపు ప్రైవేటు రైల్వే ఠీవిని ఇంకా నిలుపుకొని ఉన్నాయి. అక్కడి నుంచి బయలుదేరిన కొద్దిసేపటికే, 1942లో మూతపడిన హోన్‌జన్ స్టేషన్ ప్లాట్‌ఫాం శిథిలంగా కనిపిస్తుంది. సోజిజి అన్న పెద్ద జెన్ బౌద్ధ మఠం 1911లో నోతో ద్వీపకల్పం నుంచి ఇక్కడికి తరలివచ్చింది. ఆ మఠానికి వచ్చే భక్తుల కోసం కట్టిన స్టేషన్ అది. అసానో సోయిచిరో సమాధి కూడా ఆ మఠంలోనే ఉంది. ప్రయాణికుల రైళ్లు మొదలైన 1930లోనే అతడు చనిపోయాడు.

తరువాతిది కొకుదో, అంటే జాతీయ రహదారి అన్న పేరుగల స్టేషన్. రైలుపట్టాలు ఇక్కడ ఎత్తైన కాంక్రీటు కట్ట మీద నడుస్తాయి. ఆ కట్ట కింద కమానుల వరుసతో చీకటి చీకటిగా ఉండే నడవా 1930 నాటి రూపంలోనే మిగిలింది. పట్టపగలు కూడా దీపాలు వెలిగే ఆ నడవాలో అడుగుపెడితే, పైన రైలు పోయినప్పుడల్లా ఆ మోత కమానుల కింద చాలాసేపు తిరుగుతుంది; రెండు పక్కలా తలుపులు మూసిన పాత దుకాణాలు, చెక్క చట్రాల కిటికీలు, వెలిసిపోయిన బోర్డులు కనిపిస్తాయి. బయటి గోడ మీద రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా విమానాలు మరతుపాకులతో కాల్చినప్పటి గుండు దెబ్బలు గుంటలుగా నిలిచి ఉన్నాయి. వాటిని పూడ్చి సున్నం కొట్టకుండా వదిలేయడం మంచిదే అయింది. ఆ గోడ చెప్పే సంగతిని పుస్తకం అంత సూటిగా చెప్పలేదు. దగ్గరలోనే నమముగి చేపల బజారు వీధి ఉంది. ఆ నమముగి ఊళ్లోనే 1862 సెప్టెంబరులో, సత్సుమా ప్రభువు తండ్రి పరివారానికి దారి తొలగలేదని చార్లెస్ రిచర్డ్‌సన్ అనే ఆంగ్ల వర్తకుడిని సమురాయిలు నరికి చంపారు; దానికి ప్రతీకారంగా మరుసటి ఏడాది బ్రిటిష్ నౌకాదళం కగోషిమా పట్టణంపై ఫిరంగులు పేల్చింది. విదేశాలతో తలుపులు తెరవడమా మూయడమా అని జపాన్ తర్జనభర్జన పడుతున్న రోజుల్లో ఆ ఘటన దేశ రాజకీయాన్నే కదిలించింది.

ఈ మార్గంలో త్సురుమి తప్ప మిగిలిన స్టేషన్లలో 1971 నుంచి రైల్వే సిబ్బంది లేరు. ప్రయాణికులు కార్డును చిన్న యంత్రానికి తాకించి తమంతట తామే వస్తూ పోతూ ఉంటారు. త్సురుమిలో ఈ మార్గపు ప్రయాణికుల కోసం విడిగా ఉన్న తనిఖీ గేట్లను సైతం 2022లో తీసివేశారు. ఉదయం, సాయంత్రం షిఫ్టు మారే వేళల్లో రైళ్లు వెంట వెంటనే కిక్కిరిసి నడుస్తాయి. పగటిపూటా, సెలవు దినాల్లోనూ ఉమి షిబౌరాకు ఒక రైలుకూ మరో రైలుకూ మధ్య గంటకు పైగా, కొన్ని వేళల్లో రెండు గంటల దాకా విరామం ఉంటుంది. ఓకావా కొమ్మ మార్గం మీద సెలవు రోజుల్లో నడిచే రైళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కర్మాగారం గడియారమే ఈ మార్గానికి కాలపట్టిక. ఆ గడియారంతో పనిలేని ప్రాణులు అసానో స్టేషన్‌లో ఉండే పిల్లులు. రెండు మార్గాలు చీలే చోట ముక్కోణపు ఆకారంలో మిగిలిన ఖాళీ స్థలంలో అవి ఎండ కాగుతూ కనిపిస్తాయని వాటి కోసమే దిగే ప్రయాణికులూ ఉన్నారు.

సముద్రం పక్క స్టేషన్ ఉందన్న మాట క్రమంగా జనంలోకి పోయింది. 1994లో రచయిత్రి షోనో యోరికోకు అకుతాగవా బహుమతి తెచ్చిన ‘టైమ్ స్లిప్ కొంబినాట్’ కథలో నాయిక ప్రయాణించే గమ్యం ఉమి షిబౌరాయే. జపాన్ సాహిత్యంలో ఎంతో గౌరవమున్న ఆ బహుమతితో స్టేషన్ పేరు రైళ్ల అభిమానుల వలయం దాటింది. అయితే వచ్చినవారికి కూర్చోవడానికి చోటు గాని, కాలు చాచడానికి జాగా గాని లేక, ఇరుకు ప్లాట్‌ఫాం మీదే తరువాతి రైలు కోసం ఎదురుచూడవలసి వచ్చేది. గేటు తెరవడం కంపెనీకి సాధ్యం కాదు. విద్యుత్ కేంద్రాలకు భారీ టర్బైన్లు, జనరేటర్లు తయారయ్యే కర్మాగారంలోకి దారినపోయేవారిని రానిచ్చే కంపెనీ ఏదీ ఉండదు. ఆ గేటు మూసే ఉంచి, 1995లో తోషిబా తన స్థలంలోనే, గేటుకు ఇవతల, ప్లాట్‌ఫాంను ఆనుకొని నీటి వెంబడి సన్నని పట్టీలాంటి చిన్న తోటను ఏర్పాటు చేసి అందరికీ తెరిచింది. ఉమిషిబా పార్కు అన్న పేరుగల ఆ తోటలో కొన్ని బెంచీలు, కొన్ని మొక్కలు, కటకటాలు, వాటి ముందు కాలువ ఉన్నాయి. ఉదయం 9 గంటల నుంచి రాత్రి 8.30 దాకా అది తెరిచి ఉంటుంది. దాని ప్రవేశం దగ్గర కార్డు తాకించే యంత్రం ఉండడంతో, ప్రయాణం ముగిసినట్టు నమోదు చేసుకొని, తిరుగు ప్రయాణానికి మళ్లీ తాకించుకోవచ్చు. లోపలి కర్మాగారాన్ని ఫొటో తీయడం మాత్రం నిషిద్ధం.

ఈ తోట చాలా చిన్నది, అయినా ఈ తీరమంతటా దీని విలువ గొప్పది. అసానో పూడిక పథకం నాటి నుంచి ఇక్కడ నీటి అంచు మొత్తం కర్మాగారాల సొత్తయింది; అంతకుముందు చేపలు పట్టుకొని, సముద్రపు నాచు ఆరబెట్టుకొని బతికిన ఊళ్లకు సముద్రం కనపడకుండా పోయింది. కిలోమీటర్ల కొద్దీ ఉన్న ఆ గట్టు మీద మామూలు మనిషి వచ్చి, ఎవరి అనుమతీ అడగకుండా నీటి పక్కన కూర్చోగలిగే చోట్లు అరుదు. కంపెనీ తన స్థలంలో ఒక ముక్కను విడిచిపెట్టడం దాతృత్వం కన్నా ఎక్కువగా తీరప్రాంతపు పాత బాకీలో కొంత తీర్చడమే అవుతుంది. అయినా చట్టం బలవంతపెట్టకుండా చేసిన పని గనుక అది మెచ్చుకోదగినదే, మరే రేవు పట్టణంలోనైనా అనుసరించదగినదే.

2023 సంవత్సరం ఈ తీరానికి ఒక మలుపు. షిరైషి స్థాపించిన ఉక్కు సంస్థకు వారసురాలైన జేఎఫ్‌ఈ సంస్థ, కాలువకు ఆవల ఉన్న ఓగిషిమా అనే కృత్రిమ దీవిలోని తన ఊదుకొలిమిని ఆ సెప్టెంబరులో ఆర్పివేసింది. ఇనుప ఖనిజాన్ని కరిగించే ఊదుకొలిమి ఒకసారి ఆరితే తిరిగి రాజుకోవడం సులువు కాదు, ఇక్కడైతే తిరిగి వెలిగించే ఉద్దేశమే లేదు. డిసెంబరు 20న తోషిబా షేర్లు స్టాకు మార్కెట్టు నుంచి తొలగిపోయి, కంపెనీ కొత్త యజమానుల చేతికి వెళ్లింది. నాలుగు రోజుల తరువాత, డిసెంబరు 24న, త్సురుమి మార్గం మీద ఇ131 అన్న కొత్త రైళ్లు ప్రవేశించాయి. ఇరుకుగా కట్టిన పాత మార్గంలో ఇమిడేలా మిగతా ఇ131 రైళ్ల కన్నా సన్నగా వీటిని తయారుచేశారు. కాలువ వెంబడి కర్మాగారాలు తగ్గితే, వాటి కోసమే పుట్టిన మార్గం ఎవరిని మోయాలన్న ప్రశ్న ఇప్పటికే తలెత్తింది. ఓగిషిమా భూమిని ఏం చేయాలన్న దాని మీద కవాసాకి నగరం ప్రణాళికలు వేస్తోంది. ప్రస్తుతానికి మాత్రం ఉదయం షిఫ్టు రైలు ఉమి షిబౌరాలో ఆగగానే ఉద్యోగులు వరుసగా గేటువైపు నడుస్తారు. పగటి రైలులో వచ్చే మిగిలిన కొద్దిమంది తోటవైపు తిరిగి, తరువాతి రైలు వేళ చూసుకొని బెంచీల మీద కూర్చుంటారు.